గ్రాంటు క్యాలెండరూ చుండూరు క్యాలెండరూ

మానవ హక్కుల మీదా సామాజిక న్యాయం మీదా డాక్యుమెంటరీ తీయాలనుకున్న మన పిల్లలు ముందు పట్టుకునేది కెమెరా కాదు, దరఖాస్తు ఫారం. తార్నాకలో జిరాక్సు షాపుల ముందు ఓ సాయంత్రం నిలబడి చూడండి. ఉస్మానియా హాస్టల్ నుంచి ఒకరు, దాన్ని ఆనుకునే ఉన్న ఇఫ్లూ నుంచి ఒకరు ప్రపోజల్ కాయితాలు ప్రింటు తీయించుకుంటూ కనపడతారు. ఊళ్లో కళ్లారా చూసినదాన్ని ఇంగ్లీషులో 'ఇష్యూ'గా మార్చాలి. ఆ ఇష్యూకి ఒక 'క్యారెక్టర్'ని వెతకాలి. చివర్లో ఎంతమంది మీద ఎంత 'ఇంపాక్ట్' ఉంటుందో అంకె వెయ్యాలి. షూటింగ్ మొదలుకాకముందే ముగింపు రాసివ్వాలి. సగం సినిమా అక్కడే అయిపోతుంది.

డబ్బు లేదా అంటే, ఉంది. ఫోర్డ్ ఫౌండేషన్ 2011లో 'జస్ట్‌ఫిల్మ్స్' పేరుతో ఇలాంటి సినిమాలకి ఐదేళ్లకు 5 కోట్ల డాలర్లు ప్రకటించింది. అంతకుముందే, 2000లో ఢిల్లీలో ఏర్పడ్డ పబ్లిక్ సర్వీస్ బ్రాడ్‌కాస్టింగ్ ట్రస్టు వెనక ప్రసార భారతితో పాటు ఫోర్డ్ మద్దతూ ఉంది. విదేశీ డబ్బు కాబట్టి చెడ్డదనే వాదన నాది కాదు. ఆ వాదన చేసేవాళ్లే విదేశీ పెట్టుబడికి ఎదురేగి దండలు వేస్తున్నారు. నా తగాదా డబ్బుతో కాదు, దాని క్యాలెండరుతో.

చుండూరునే తీసుకోండి. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. ప్రత్యేక కోర్టు ఆ ఊళ్లోనే పెట్టించుకోవడానికి బాధితులూ ఉద్యమమూ కొట్లాడాల్సి వచ్చింది. 2007 జూలై 31న తీర్పు వచ్చింది: 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. సరిగ్గా అక్కడ కెమెరా ఆపితే ఎంత చక్కని సినిమా! నిధులిచ్చిన వాళ్లకి చూపించడానికి అంతకన్నా ఏం కావాలి? కానీ 2014 ఏప్రిల్ 22న ఇదే హైదరాబాదులో, తార్నాక నుంచి సిటీ బస్సులో వెళ్లిరాగల హైకోర్టులో, అందరినీ నిర్దోషులుగా వదిలేశారు. మొత్తం 23 ఏళ్లు. ఏ గ్రాంటు ఏడాదికి, ఏడాదిన్నరకి మించి ఆగుతుంది? ఖర్చుల లెక్క ఒప్పజెప్పాల్సిన తేదీకి సాక్షి ఇంకా బోనెక్కి ఉండడు. అందుకే అత్యాచారం మీద సినిమాలు దొరుకుతాయి, కేసు మీద దొరకవు. ఏడుస్తున్న తల్లి దొరుకుతుంది. అదే తల్లి వాయిదా వాయిదాకీ కోర్టు మెట్లెక్కి దిగడం దొరకదు. దెబ్బ తినేవాడిగా మనం ఫిల్ములో ఉంటాం, కొట్లాడేవాడిగా మాత్రం ఉండం.

దీనికి ఎదురు ఉదాహరణ ఆనంద్ పట్వర్ధన్ 'జై భీమ్ కామ్రేడ్'. 1997 జూలైలో ముంబయి రమాబాయి నగర్‌లో పోలీసు కాల్పుల్లో పదిమంది పోయిన దగ్గర మొదలై 2011కి గానీ పూర్తవలేదు. పద్నాలుగేళ్లు. అందుకే అందులో మన జనం ఏడుస్తారు, పాడతారు, వాదిస్తారు, పార్టీలు మారతారు కూడా. కానీ ఒక ప్రశ్న వెయ్యక తప్పదు. పద్నాలుగేళ్లు ఒకే సినిమా మీద నిలబడగలిగిన దళిత దర్శకుడు ఎవరు? ఫెలోషిప్ ఆగితే మెస్ బిల్లు కట్టలేని పిల్లవాడికి ఆ ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది? ఓపిక అనేది కూడా ఆస్తే.

ఇంకో సంగతి. గ్రాంటు సినిమా తీయడానికి ఇస్తారు. చూపించినందుకు మూల్యం ఎవరు కడుతున్నారు? ఇదే నగరానికి ఆ చివర, గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీని గుర్తు చేసుకోండి. 2015 ఆగస్టులో ఢిల్లీ కాలేజీలో 'ముజఫర్‌నగర్ బాకీ హై' ప్రదర్శనని అడ్డుకున్నారు. అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ ఇక్కడ నిరసన తెలిపింది. అక్కణ్ణుంచి గొడవ, ఫిర్యాదులు, ఐదుగురి సస్పెన్షన్, హాస్టల్ నుంచి గెంటివేత, 2016 జనవరి 17న రోహిత్ వేముల. ఆ ఉద్యమం మీద దీపా ధన్‌రాజ్ 2018లో 'వి హావ్ నాట్ కమ్ హియర్ టు డై' తీశారు. 1986లో పాతబస్తీ మతకలహాల మీద 'క్యా హువా ఇస్ షహర్ కో' తీసింది కూడా ఆమే. 2019లో అదే సెంట్రల్ యూనివర్సిటీలో 'రామ్ కే నామ్' వేస్తుంటే పోలీసులొచ్చి విద్యార్థుల్ని పట్టుకుపోయారు. ఏ బడ్జెట్ షీటులోనూ 'ప్రదర్శించిన విద్యార్థికి వకీలు ఖర్చు' అనే పద్దు నేను చూడలేదు.

ప్రభుత్వం వైపు నుంచి చూస్తే తాళం వేరేచోట ఉంది. విదేశీ విరాళాల చట్టం 1976లో ఎమర్జెన్సీ కడుపున పుట్టింది, 2010లో కొత్త చట్టమైంది. అంటరానితనం మీద 2007లో వచ్చిన 'ఇండియా అన్‌టచ్డ్' వెనకున్న గుజరాత్ దళిత సంస్థ నవసర్జన్‌కి 2016లో ఆ అనుమతి రద్దయింది. 2020 సవరణతో, నిధి పుచ్చుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకి పంచకూడదన్నారు. దీనివల్ల పెద్ద ఎన్జీవోలు చావలేదు. వాళ్ల నీడన పదో పరకో తెచ్చుకునే చిన్న సంఘాలే ఎండిపోయాయి.

ఇక జహీరాబాద్ దగ్గర పస్తాపూర్. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత ఆడవాళ్లు, ఎక్కువమంది బడి మొహం చూడనివాళ్లు, 1990ల చివర్లో వీడియో నేర్చుకున్నారు. 2001కల్లా సొంత మీడియా ట్రస్టు పెట్టుకున్నారు. బీటీ పత్తి మీద వరంగల్ రైతుల గోడు తీసిన 2003 నాటి ఫిల్ము వాళ్లదే. పంటకాలం పొడుగునా ఆ రైతుల చుట్టూ తిరిగి తీశారు. క్యాలెండరు సేద్యానిది, ఫండర్‌ది కాదు. ఎక్కువ తక్కువలు చూపే కోణానికి 'పటేల్ షాట్' అనీ, కంటికి కన్ను ఎదురుగా ఉండేదానికి 'సంఘం షాట్' అనీ వాళ్లే పేరు పెట్టుకున్నారు. ఫిల్మ్ స్కూల్లో చదివినవాళ్లకి తట్టని మాట. అయినా ఒకటి చెప్పాలి. ఆ సినిమాల్లో విత్తనం గట్టిగా మాట్లాడుతుంది, కులం నెమ్మదిగా మాట్లాడుతుంది. జీవ వైవిధ్యానికి లోకంలో నిధులున్నాయి. భూమి ఎవరి పేరున ఉందో అడిగే సినిమాకి ఎవరిస్తారు?

అప్లయి చెయ్యొద్దని నేననను. ఆకలితో ఉన్నవాడికి నీతులు చెప్పే పని మనది కాదు. ఒప్పందంలో చివరి పేజీలు మాత్రం చదవండి. ముడి ఫుటేజీ ఎవరిదో అక్కడుంటుంది. సినిమాకి గంట వాడుకుని మిగతా వంద గంటలు ఏ హార్డ్ డిస్కులోనో పడేస్తారు. రేపు అప్పీలుకి వెళ్లేటప్పుడు పనికొచ్చే మాట ఆ వంద గంటల్లో ఉండొచ్చు. ఒక కాపీ ఆ ఊరి సంఘానికి ఇవ్వాలి, కేసు తేలేదాకా చెరపకూడదు అని ఒక వాక్యం మీరే రాసి పంపండి. కొట్టేస్తే, ఎవరు కొట్టేశారో పేరుతో సహా ఈ పేజీల్లోనే రాద్దాం.