ఆకారాల క్రమాన్ని పట్టిచ్చే న్యూట్రాన్

సీరియం హెక్సాబోరైడ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వాడేవాళ్లకు బాగా తెలిసిన పదార్థం. వేడి చేస్తే ఎలక్ట్రాన్లను ధారాళంగా వెలువరిస్తుంది కాబట్టి కాథోడ్‌గా వాడతారు. అదే స్ఫటికాన్ని ద్రవ హీలియం కన్నా చల్లగా చేసినప్పుడే దాని అసలు చిత్రం మొదలవుతుంది. సుమారు 3.3 కెల్విన్ల దగ్గర ఒక మార్పు, 2.3 దగ్గర ఇంకొకటి.

రెండోది తేలిగ్గానే అర్థమైంది. అక్కడ సీరియం పరమాణువుల అయస్కాంత భ్రామకాలు ఒకదానికొకటి ఎదురు తిరిగి బారులు తీరతాయి. మరి మొదటి మార్పులో బారులు తీరుతున్నవేమిటి?

ఆకారాలు. సీరియంలోని ఒంటరి 4ఎఫ్ ఎలక్ట్రాన్ మేఘం గుండ్రంగా ఉండదు; ఒక దిక్కున సాగి, మరో దిక్కున నొక్కుకుపోయి ఉంటుంది. ఆ వంకరతనానికి కొలతే క్వాడ్రుపోల్. పక్కపక్క పరమాణువుల్లో ఈ మేఘాలు వేర్వేరు దిశల్లో ఒదిగితే అది క్వాడ్రుపోల్ క్రమం.

పరమాణువుల బారులను చూడటానికి స్ఫటికం మీదికి న్యూట్రాన్లను పంపి, అవి ఎటు చెదురుతాయో చూస్తారు. చిక్కేమిటంటే, న్యూట్రాన్‌కు విద్యుదావేశం లేదు. పరమాణు కేంద్రకాలను, అయస్కాంత భ్రామకాలను అది పసిగడుతుంది గానీ, మేఘం ఆకారం దానికి దాదాపు కనిపించదు. ఇక్కడే శాస్త్రవేత్తల నేర్పు మెచ్చుకోవాలి. స్ఫటికాన్ని అయస్కాంత క్షేత్రంలో పెట్టారు. వేర్వేరు దిశల్లో ఒదిగిన మేఘాలు ఒకే క్షేత్రానికి వేర్వేరుగా స్పందిస్తాయి. దాంతో పక్కపక్క పరమాణువుల్లో అసమానమైన భ్రామకాలు పుడతాయి. వాటిని న్యూట్రాన్ చూడగలదు! ఎఫాంటిన్, రోసా-మిన్యో బృందం 1985లో ప్రచురించిన ఫలితాల్లో, అంతకుముందు ఏమీ లేనిచోట, మూడు దిక్కులా రెట్టింపైన ఆవర్తనాన్ని సూచించే కొత్త శిఖరాలు చెదిరిన న్యూట్రాన్ల లెక్కలో కనిపించాయి. భ్రామకాలు ఎదురెదురుగా నిలిచే మామూలు అయస్కాంత క్రమాన్ని క్షేత్రం బలహీనపరుస్తుంది. ఈ క్రమం మాత్రం క్షేత్రం పెరిగేకొద్దీ ఇంకా పై ఉష్ణోగ్రతల దాకా నిలుస్తుంది.

ప్రయోగానికి స్ఫటికం తయారుచేయడమే ఒక పని. సహజ బోరాన్‌లో అయిదో వంతు బోరాన్-10. అణు రియాక్టర్ల నియంత్రణ కడ్డీల్లో వాడే ఆ ఐసోటోప్ న్యూట్రాన్లను మింగేస్తుంది. అందుకే బోరాన్-11తో ప్రత్యేకంగా స్ఫటికాలు పెంచాలి.

ఫలితం వచ్చాక కూడా వాదం ఆగలేదు. కేంద్రక అయస్కాంత అనునాద కొలతలు న్యూట్రాన్ చెప్పినదానితో పొసగలేదు. 1997లో షీనా, షిబా, థాల్మైయర్ ఆ ముడి విప్పారు: క్షేత్రంలో క్వాడ్రుపోల్‌తోపాటు, అంతకన్నా సంక్లిష్టమైన ఆక్టుపోల్ అనే అయస్కాంత విన్యాసం కూడా పుడుతుందనీ, దాన్ని లెక్కలోకి తీసుకుంటే రెండు ప్రయోగాలూ నిజమేననీ తేల్చారు. 2001లో అనునాద ఎక్స్-కిరణ పరిక్షేపణం, క్షేత్రం లేకుండానే, ఆకారాల క్రమాన్ని నేరుగా చూపింది.

అలాగని న్యూట్రాన్ పని తీరిపోలేదు. ప్రేసియోడిమియం, సీసం కలిసిన పీఆర్‌పీబీ3లో 0.4 కెల్విన్ల దగ్గర ఏర్పడే క్రమం స్ఫటిక జాలకంతో పొంతన లేని అలలా సాగుతుందని 2005లో తెలిసింది న్యూట్రాన్ల వల్లే. పైగా అవి కదలికలను కూడా కొలుస్తాయి. అలా 2014లో సీరియం హెక్సాబోరైడ్‌లో బలమైన ఫెర్రో అయస్కాంత ఒడిదుడుకులు, అంటే భ్రామకాలు ఒకే దిక్కుకు తిరగాలని చూసే కదలికలు, బయటపడ్డాయి. ఎదురెదురుగా నిలిచే భ్రామకాల పదార్థమని దశాబ్దాలుగా చెప్పుకున్న దాంట్లో అవి ఉంటాయని ఎవరూ అనుకోలేదు.