ఒలిచి పెట్టని అరటిపండు

బల్లకి ఇటు పీటర్ పార్కర్, అటు మే ఆంటీ. ఆవిడ భర్త బెన్ అంకుల్ సమాధి దగ్గరికి వెళ్లి ఇంటికొచ్చారు. ఆ చావుకి తనే కారణమన్నట్టు ఆవిడ కుమిలిపోతోంది. రెండేళ్లుగా కడుపులో దాచుకున్న నిజం పీటర్ ఇక ఆపుకోలేకపోతాడు. ఆ రోజు తను లైబ్రరీకి వెళ్లలేదు. డబ్బు కోసం కుస్తీ పోటీకి వెళ్లాడు. దొంగ తన ముందునుంచే పారిపోతుంటే ఆపగలిగీ ఆపలేదు. ఆ దొంగే బెన్‌ని చంపాడు. ప్రాణం పోతున్నప్పుడు ఆయన చెయ్యి పట్టుకుని ఉన్నది తనే. ఇదంతా చెబుతున్నప్పుడు మే ఆంటీ చెయ్యి పీటర్ చేతిలో ఉంటుంది. మాట పూర్తయ్యేసరికి ఆ చెయ్యి జారి వెనక్కి వెళ్లిపోతుంది. ఆవిడ లేస్తుంది, ఏమీ అనదు, మెట్లెక్కి పైకి వెళ్లిపోతుంది.

2004లో వచ్చిన ‘స్పైడర్‌మ్యాన్ 2’లోది ఈ సీను. పీటర్ చెప్పినదాంట్లో మనకి కొత్త సంగతి ఒక్కటీ లేదు. 2002లో వచ్చిన మొదటి భాగం చూసినవాళ్లకి అంతా తెలిసిందే. లెక్కప్రకారం ఇది జరిగిన కథని మళ్లీ ఏకరువు పెట్టే సీను. ఈ తరహా సినిమాల్లో ఇలాంటి సీను రాగానే చెయ్యి జేబులోని ఫోను మీదికి పోతుంది. ఇక్కడ మాత్రం కన్ను తిప్పబుద్ధి కాదు. మనకి తెలిసింది ఆవిడకి తెలీదు మరి. ఆ మాటలు ఆవిడ వినితీరాలి, చెప్పకపోతే పీటర్ బతకలేడు. మనం ఆవిడ మొహం చూస్తూ కూర్చుంటాం. మాట మనకోసం పుట్టలేదు, ఆ బల్ల దగ్గర ఆ ఇద్దరి మధ్య పుట్టింది. దర్శకుడు శామ్ రైమీ, స్క్రీన్‌ప్లే రాసిన ఆల్విన్ సార్జెంట్ రెండు గంటలకి పైగా సాగే సినిమాని దాదాపు మొత్తం ఇదే నిష్ఠతో నడిపారు. అది ఎంత కష్టమో ఇప్పుడొస్తున్న సినిమాలు చూస్తుంటే తెలుస్తోంది.

ఇప్పటి సూపర్‌హీరో సినిమాలు చాలావాటిలో పాత్రలు తమకి తెలిసిన సంగతులే ఒకరికొకరు అప్పజెప్పుకుంటాయి, పక్కనున్న మనం వినాలని. 2016 నాటి ‘సూసైడ్ స్క్వాడ్’లో కటానా అనే యోధురాలు జట్టులో చేరగానే ఆమె ఎవరో, ఆమె కత్తికున్న మహిమేమిటో జట్టు నాయకుడు రిక్ ఫ్లాగ్ గడగడా చెప్పేస్తాడు. ‘మేడమ్ వెబ్’ ట్రైలర్‌లో విలన్‌కీ హీరోయిన్ తల్లికీ ఉన్న సంబంధం, అమెజాన్ అడవి, సాలెపురుగుల పరిశోధన, తల్లి చావు, అన్నీ ఒకే వాక్యంలో కుక్కారు. జనం ఆ వాక్యాన్ని తెగ ఆడిపోసుకున్నారు, తీరా 2024లో సినిమా వచ్చేసరికి అది అందులో లేనేలేదు. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టడం అంటాం కదా, ఇది ఒలిచి, నమిలి, నోట్లో పెట్టడం.

దీన్ని రచయితల చేతకానితనం అనుకోను. 2008లో ‘ఐరన్ మ్యాన్’తో మొదలైన మార్వెల్ వరుసలో 2019 నాటి ‘ఎండ్‌గేమ్’ 22వ సినిమా. ముందటివి చూడనివాళ్లు కూడా టికెట్టు కొనుక్కుని హాల్లో కూర్చుంటారు, వాళ్లకి కథ అందాలి. మల్టీవర్స్, కాలప్రయాణం లాంటివి వస్తే వాటి నియమాలు కూడా ఎవరో ఒకరు చెప్పాలి. షూటింగు అయ్యాక కథ మారితే, నటుడు అటు తిరిగి ఉన్న షాటు చూసుకుని కొత్త వాక్యాన్ని డబ్బింగ్‌లో అతికిస్తారు. పెదవులు కనబడవు కాబట్టి దొరకదన్న ధైర్యం. డబ్బింగ్ సినిమాలు చూస్తూ పెరిగిన మన చెవికి ఆ అతుకు ఇట్టే తెలిసిపోతుంది.

రైమీకీ ఈ ఇబ్బంది తప్పలేదు. రెండేళ్ల కిందటి కథ గుర్తుచెయ్యాలి. దానికి ఆయన టైటిల్స్ వాడుకున్నారు. కామిక్స్ లోకంలో పేరున్న చిత్రకారుడు అలెక్స్ రాస్ వేసిన బొమ్మలు సాలెగూడు గళ్లలో ఒకటొకటే వస్తూ పోతూ ఉంటాయి. మొదటి భాగంలోని ముఖ్యమైన ఘట్టాలన్నీ వాటిలో ఉంటాయి. వెనక డానీ ఎల్ఫ్‌మన్ సంగీతం. మాట ఒక్కటీ లేదు. పేర్లు అయిపోయేసరికి మొదటి భాగం చూడనివాడికీ కథ అందుతుంది, చూసినవాడికి చూసిన బొమ్మే కొత్తగా కనబడుతుంది.

ఈ సినిమాని నేను ఒకసారి శబ్దం కట్టేసి చూశాను. అప్పుడే మొదటిసారి గమనించాను, కథలో ముఖ్యమైనవన్నీ చేతులు చెబుతున్నాయి. పీటర్ పిజ్జాలు పంచే కుర్రాడు. 29 నిమిషాల్లో ఇస్తామన్నది కొట్టువాళ్ల మాట. ఆలస్యం చేసినందుకు యజమాని ఉద్యోగం తీసేస్తాడు. ముంబైలో పుట్టిన ఆసిఫ్ మాండ్వీ వేశారు ఆ పాత్ర. పని పోయిందన్న మాటకన్నా, పీటర్ హెల్మెట్ మీద అంటించిన కొట్టు పేరుని ఆయన చేత్తో పీకేసుకోవడం గట్టిగా తగులుతుంది. తర్వాత పుట్టినరోజు రాత్రి. మే ఆంటీ ఇల్లు బ్యాంకు చేతికి పోయేలా ఉంది. అయినా ఆవిడ పీటర్ చేతిలో 20 డాలర్ల నోటు పెడుతుంది. అతను వద్దంటే ఒక్కసారిగా గొంతు పెంచి తీసుకోమని గద్దిస్తుంది, ఆ వెంటనే ఏడుస్తుంది. అదే నోటు కాసేపటికి అతని అద్దె గది ఓనరు చేతిలోకి పోతుంది. వాళ్ల పేదరికం గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. ఒక నోటు మూడు చేతులు మారుతుంది, అంతే. నెలాఖరుకి జేబు తడుముకున్న ఇల్లు ఏదైనా ఈ సీనుకి అనువాదం అడగదు.

పీటర్ శక్తి తగ్గిపోవడాన్ని కూడా ఇలాగే చూపిస్తారు. మణికట్టు నుంచి దారం రాదు, వేళ్లు అలవాటుగా నొక్కుతూనే ఉంటాయి, మనిషి కిందపడతాడు. ఒక భవనం మీంచి దిగలేక లిఫ్టు ఎక్కుతాడు. పూర్తి వేషంలో, ఒక అపరిచితుడి పక్కన. ఆ సీనులో ఉన్న నాలుగు మాటలూ బట్టలు దురదపెడుతున్నాయన్న గోడే. అవి వింటే నవ్వొస్తుంది, ఆ నవ్వు వెనకే భయం కూడా పుడుతుంది. గోడలు పాకే మనిషి బటన్ నొక్కి లిఫ్టు కోసం ఎదురుచూడాల్సి వచ్చిందని గ్రహించడానికి మనకి ఆ డబ్బా చాలు.

ఇక ఆసుపత్రి సీను. ఈ సినిమాలో విలన్‌గా మారే శాస్త్రవేత్త డాక్టర్ ఆక్టేవియస్ స్పృహ లేకుండా బోర్లా పడుకుని ఉంటాడు. వీపుకి అతుక్కుపోయిన నాలుగు ఇనుప చేతుల్ని కోసి తీసెయ్యాలని సర్జన్లు సిద్ధమవుతారు. రంపం శబ్దం వినగానే ఆ చేతులు వాటంతట అవే లేస్తాయి. ఆ తర్వాత అరుపులు, నీడలు, విసిరేసిన మనుషులు. ఒక నర్సుని చెయ్యి ఈడ్చుకుపోతుంటే ఆమె గోళ్లు నేలని గీరుకుంటూ పోతాయి. 1981లో ‘ఈవిల్ డెడ్’ అనే దయ్యాల సినిమాతో పేరు తెచ్చుకున్న రైమీ ఇక్కడ తన పాత నేర్పంతా బయటికి తీశారు. ఆ ఇనుప చేతులకి ప్రాణం ఉందని, వాటికి సొంత బుద్ధి ఉందని, అది మంచిది కాదని ఈ ఒక్క సీనులోనే తెలిసిపోతుంది. అవన్నీ కంప్యూటర్ బొమ్మలు కావు. చాలా షాట్లలో, నిజంగా చేసిన చేతుల్ని బొమ్మలాట తెలిసినవాళ్లు ఆడించారు. ఆక్టేవియస్‌గా వేసిన ఆల్ఫ్రెడ్ మొలీనా వాటికి ల్యారీ, హ్యారీ, మో, ఫ్లో అని పేర్లు కూడా పెట్టుకున్నారు. తోలుబొమ్మలాట దగ్గర్నుంచి చూసినవాళ్లకి తెలుసు, ఆడించేవాడి ఊపిరి బొమ్మలోకి ఎలా పోతుందో. ఒక ఇనుప చెయ్యి ఆక్టేవియస్ కళ్లజోడు అందుకుంటుంటే చూడండి, అది పనిమనిషో, తోడో, పాములాంటిదో ఒక క్షణం తేల్చుకోలేం.

సినిమాలో శాస్త్రం చెప్పాల్సిన చోటు కూడా ఉంది. ఫ్యూజన్ యంత్రం ఏం చేస్తుంది, ఇనుప చేతులు మనిషి మెదడుని లొంగదీసుకోకుండా మెడ దగ్గర ఉన్న చిన్న చిప్ ఎలా ఆపుతుంది, ఇవి తెలియకపోతే కథ నడవదు. రచయిత ఇక్కడ తప్పించుకోలేదు, చోటు మాత్రం తెలివిగా ఎంచుకున్నారు. అది పదిమందిని పిలిచి చేస్తున్న ప్రదర్శన. అక్కడున్నవాళ్లకి నిజంగానే తెలీదు, ఒకామె అడుగుతుంది కూడా. చెప్పేవాడు తన జీవితకాలపు కృషిని లోకానికి చూపిస్తున్న ఉత్సాహంలో ఉన్నాడు. వివరణ వింటున్నట్టు ఉండదు, ఒక మంచి మనిషి గర్వం చూస్తున్నట్టు ఉంటుంది. ఆ చిప్ పగిలేటప్పటికి మనకి పాఠం గుర్తుండదు, ఆయన నవ్వు గుర్తుంటుంది. ఆసుపత్రి నుంచి పారిపోయాక నది ఒడ్డున శిథిలమైన కట్టడంలో ఆక్టేవియస్ ఒక్కడే ఇనుప చేతులతో మాట్లాడుకునే సీను మాత్రం నాకు కాస్త బరువనిపిస్తుంది. ఆసుపత్రిలో కళ్లారా చూసిందే అక్కడ మళ్లీ విన్నట్టుంటుంది. మొలీనా గొంతు దాన్ని గట్టెక్కించింది.

రైలు సీను గురించి అందరూ చెబుతారు. చెప్పాల్సిందే. ఆపలేని వేగంతో పోతున్న రైలు, ముందు పట్టాలు అయిపోతున్నాయి. కాలిన మాస్కు తీసేసి పీటర్ రైలు ముందు నిలబడతాడు. కాళ్లు ఆన్చి ఆపబోతే కుదరదు. రెండు పక్కలా భవనాలకి దారాలు విసిరి, రెండు చేతులతో పట్టి లాగుతాడు. బట్టలు చిరుగుతాయి, మొహంలో నరాలు తేలతాయి, రైలు అంచున ఆగుతుంది. అతను స్పృహ తప్పి ముందుకి ఒరిగిపోతుంటే, పగిలిన అద్దంలోంచి చేతులు వచ్చి పట్టుకుంటాయి. ఎవరివో తెలీదు. నలుపు, తెలుపు, ముసలి, పడుచు, కేవలం చేతులు. అలా అతన్ని తలల మీదుగా ఒకరి చేతుల్లోంచి ఒకరి చేతుల్లోకి మోసుకుపోయి నేలమీద పడుకోబెడతారు. కుర్రాడే కదా, మా అబ్బాయి వయసువాడే కదా అని ఒకాయన ఆశ్చర్యపోతాడు. ఇద్దరు పిల్లలు మాస్కు తెచ్చి ఇస్తారు, ఎవరికీ చెప్పబోమని మాటిస్తారు. ఊరంతా కలిసి ఇతన్ని కాపాడుకుంటోందన్న వాక్యం ఎవరూ పలకలేదు. పలికి ఉంటే ఆ చేతులన్నీ బొమ్మ చేతులైపోయేవి.

ఈ స్క్రీన్‌ప్లే రాసేనాటికి ఆల్విన్ సార్జెంట్ డెబ్భైల్లో ఉన్నారు. అప్పటికే రెండు ఆస్కార్లు. వాటిలో ఒకటి 1980లో వచ్చిన ‘ఆర్డినరీ పీపుల్’కి. పడవ ప్రమాదంలో పెద్దకొడుకుని పోగొట్టుకున్న కుటుంబం కథ అది. అందులో మిగిలిన కొడుకు తల్లిని కౌగిలించుకుంటాడు, ఆవిడ చేతులు మాత్రం లేవవు. ఆ కదలని చేతులు రాసిన మనిషే ఇరవై ఏళ్లకి పైగా గడిచాక మే ఆంటీ చేతిని వెనక్కి తీయించారు. సూపర్‌హీరో సినిమా కదా అని తన పనితనాన్ని ఇంటిదగ్గర వదిలి రాలేదు.

మే ఆంటీ మళ్లీ వస్తుంది. ఇల్లు పోయింది, సామాను సర్దుకుంటోంది. పీటర్ ఆ నిజం గురించి మాట్లాడబోతే, అదంతా అయిపోయిందిలే అని కొట్టిపారేసి దగ్గరికి తీసుకుంటుంది. తర్వాత పక్కింటి చిన్నపిల్లాడు హెన్రీ గురించి చెబుతుంది. స్పైడర్‌మ్యాన్ ఎక్కడికి పోయాడని ఆ పిల్లాడు అడుగుతున్నాడట, అలాంటివాళ్లు పిల్లలకి ఎందుకు కావాలో ఆవిడ చాలాసేపు మాట్లాడుతుంది. సినిమాలో పెద్ద ప్రసంగం ఇదే, ఇందులో మాటలకి లోటు లేదు. మే ఆంటీగా వేసిన రోజ్‌మేరీ హారిస్ ప్రతి వాక్యాన్నీ పీటర్ కళ్లలోకి చూస్తూ పలుకుతారు. ఎదురుగా ఉన్నవాడే స్పైడర్‌మ్యాన్ అని ఆవిడకి తెలుసా? తెలిసే చెబుతోందా? సినిమా బయటపడదు, ఆవిడా బయటపడదు. ఇప్పటికి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, ఆ సీను రాగానే మళ్లీ ఆవిడ కళ్లే వెతుకుతాను. ఒకసారి తెలుసనిపిస్తుంది, ఇంకోసారి తెలీదనిపిస్తుంది.