పుడ్డింగు ముట్టని క్రైస్తవురాలు

క్రీస్తు పేరు మీద సేవ చేసిన పెద్దల జీవితచరిత్రలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. మొదట కష్టాలు, నడుమ ఒకనాడు వెలుగు కనపడటం, ఆపైన ఆఖరు పేజీ దాకా సేవే సేవ. విసుగు, కోపం, పక్కవాళ్ళతో పేచీ - ఇవేవీ ఆ పుణ్యాత్ముల దరికి రావు. పదిమందికి వేళకు అన్నం పెట్టాలంటే ఎందరితో పోట్లాడాలో మనకు తెలియదూ!

పండిత రమాబాయి గురించి మిషనరీలు రాసిన పుస్తకాలూ ఇలాంటివే. ఆమెను తిట్టినవాళ్ళ రాతలు మరో రకం. వాటిలో ఆమె తెల్లవాళ్ళ మాయలో పడి స్వధర్మం విడిచిన మనిషి. ఒకరికి సాధ్వి, ఒకరికి ద్రోహి. అసలు మనిషి కనిపించాలంటే మాత్రం 1977లో ఎ.బి. షా సంపాదకత్వంలో అచ్చయిన ఆమె ఉత్తరాలు చదవాలి.

తెలియనివారి కోసం నాలుగు ముక్కలు. 1858లో పుట్టింది. తండ్రి అనంతశాస్త్రి ఊరంతా కాదన్నా భార్యకు సంస్కృతం నేర్పిన మనిషి. ఆ తల్లి దగ్గరే రమాబాయి చదువుకుంది. కరువులో తల్లిదండ్రులు పోయారు. అన్నతో దేశమంతా కాలినడకన తిరిగి 1878లో కలకత్తా చేరితే అక్కడి పండితులు ఆమెకు 'పండిత', 'సరస్వతి' బిరుదులిచ్చారు. 1880లో కులాంతర వివాహం. రెండేళ్ళు తిరగకుండానే భర్త కలరాతో పోయాడు. ఒళ్ళో పసిపిల్ల మనోరమ. మన రాజమండ్రిలో వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం జరిపించిన రోజులే (1881) అవి. 1883లో వైద్యం చదువుదామని ఇంగ్లండు వెళ్ళింది. చెవుడు మూలాన ఆ చదువు సాగలేదు. ఆ ఏడాదే వాంటేజ్‌లోని సన్యాసినుల మఠంలో బిడ్డతో సహా బాప్తిస్మం పుచ్చుకుంది.

మామూలు జీవితచరిత్ర అయితే ఇక్కడ ఘంటలు మోగి, కథ సుఖాంతమవుతుంది. ఉత్తరాల్లో పోట్లాట ఇక్కడే మొదలవుతుంది.

ఆమెకు ఆధ్యాత్మిక మాతగా ఏర్పడినావిడ సిస్టర్ జెరాల్డిన్. మంచి మనిషే, ప్రేమ ఉన్న మనిషే. కాని కోడలు వచ్చిన రోజు నుంచీ మా ఇంటి పద్ధతి ఇది అని చెప్పే అత్తగారి ప్రేమ అది. రమాబాయి మాంసం తినదు. కోడిగుడ్డు వేసిన పుడ్డింగు కూడా ముట్టదు. మతం మారినా కులగర్వం పోలేదని ఆవిడ నొచ్చుకుంది. రమాబాయి జవాబు నాకు భలే నచ్చింది. ఒక ఇంగ్లీషు దొరసాని హిందువుల మధ్య కొన్నాళ్ళు ఉండి తన అలవాట్లు తను పాటించుకుంటే, ఆమెను గర్విష్ఠి అంటే ఒప్పుకుంటుందా అని ఎదురడిగింది. మెడలో వేసుకునే శిలువ మీద లాటిన్ అక్షరాలు ఎందుకు, మా సంస్కృతం కన్నా అది ఏం పవిత్రం అని మరో తగాదా.

వంటింటి తగాదాలని తీసిపారేయకండి. చెల్టెన్‌హామ్ కాలేజీలో ఉండగా ఆమె మగపిల్లలకు పాఠం చెబుతుందేమోనని ఇండియాలోని బిషప్పులు కంగారుపడ్డారు. హిందూదేశంలో ఆమె పరువు పోతుందట! మా నాన్నగారూ, నా భర్తా ఎన్నడూ పెట్టని అభ్యంతరం మీకెందుకని ఆమె ఆశ్చర్యపోయింది. క్రీస్తును నమ్మాను గాని బిషప్పులకు మనస్సాక్షిని అప్పగించలేదన్నదే ఆమె వాదనంతా. త్రిత్వం వంటి సిద్ధాంతాలను కూడా ప్రశ్నించకుండా మింగలేదు. ఆ కాలేజీ ప్రిన్సిపాల్ డొరోతియా బీల్ మాత్రం ఈ ప్రశ్నలకు కోపగించకుండా జవాబు రాసింది. ఆవిడ ఉత్తరాలు వచ్చినచోట పాఠకురాలికీ కాస్త ఊపిరాడుతుంది.

ఈ ఉత్తరాలన్నీ జాగ్రత్తగా దాచి, పోగుచేసి, మధ్యమధ్య తన వ్యాఖ్య జోడించింది ఎవరనుకున్నారు? జెరాల్డినే. ఈమెకెంత అహంకారమో చూడండని చెప్పడానికే చాలాచోట్ల ఆ వ్యాఖ్య. ఈనాడు చదివితే రమాబాయి తరఫు సాక్ష్యమే అందులో ఎక్కువగా దొరుకుతోంది.

అలాగని రమాబాయిని నెత్తిన పెట్టుకోమనను. 1889లో వితంతువుల కోసం శారదా సదనం పెట్టినప్పుడు అక్కడ మతబోధ ఉండదని మాట. ఆమె ప్రార్థన చేసుకునే గది తలుపు మాత్రం తెరిచే ఉండేది. పిల్లలు వచ్చి కూర్చునేవారు. 1893లో రానడే, భండార్కర్ వంటి వారు సలహా సంఘం నుంచి తప్పుకున్నారు. తిలక్ పత్రిక దుమ్మెత్తిపోసింది. పత్రికల భాష అన్యాయమే గాని, పిల్లల్ని నమ్మి పంపిన తల్లిదండ్రుల బాధ ఒట్టిది కాదు. ఆశ్రయమిచ్చిన చేయి ఏ దేవుణ్ణి మొక్కితే పిల్ల మనసు అటే వాలుతుంది. జెరాల్డిన్ దగ్గర ఆ ఒత్తిడి అనుభవించిన మనిషికి ఇది తట్టలేదేమిటన్నది నా ఫిర్యాదు.

మనోరమ సంగతి మరీ కలత పెడుతుంది. పిల్ల ఏ శాఖ పద్ధతిలో ప్రార్థించాలి, ఎవరి దగ్గర పెరగాలి అని తల్లికీ మఠానికీ మధ్య ఉత్తరాలు నడుస్తాయి. తన మొదటి సంవత్సరాల్లో చాలా భాగం ఆ చిన్నది మఠంలోనే గడిపింది. తరువాత తల్లికి కుడిభుజమై, 1921లో తల్లికంటే ముందే పోయింది. ఆమె ఏమనుకుందో ఈ పుస్తకం మనకు చెప్పేది తక్కువ. ఇద్దరు పెద్దవాళ్ళ గొంతులే గట్టిగా వినిపిస్తాయి.

1896-97 కరువులో రమాబాయి వందలాది ఆడపిల్లల్ని కాపాడి కేడ్‌గావ్‌లోని ముక్తి సదనానికి చేర్చింది. అక్కడ వాళ్ళు నేత నేర్చారు, పొలం చేశారు, అచ్చుయంత్రం నడిపారు. రమాబాయి పెద్దవయసులో హీబ్రూ, గ్రీకు నేర్చుకుని, పల్లెటూరి ఆడదానికి అర్థమయ్యే మరాఠీలో బైబిలు తిరగరాసింది. 1922 ఏప్రిల్ 5న పోయేముందు దాకా ఆ ప్రూఫులు దిద్దుతూనే ఉంది. ఆ పుస్తకానికి అక్షరాలు పేర్చింది కూడా ముక్తిలోని ఆడవాళ్ళే.