‘గౌరవ వేతనం’: ఒక సమాసం, రెండు విగ్రహవాక్యాలు

పాలనా పరిభాషలోని పదాలకు నైఘంటికార్థంతో పాటు విధానార్థం కూడా ఉంటుంది. అంగన్‌వాడీ వ్యవస్థలో స్థిరపడిన ‘గౌరవ వేతనం’ అన్న సమాసం ఇందుకు తగిన ఉదాహరణ. శిశువుల హక్కుల దృష్ట్యా ఈ సమాసాన్ని ఎట్లా అన్వయించుకోవాలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ సమాసానికి రెండు విగ్రహవాక్యాలు సాధ్యం. ‘గౌరవంతో ఇచ్చే వేతనం’ అంటే తృతీయా తత్పురుషం. ‘గౌరవం అనే వేతనం’ అంటే రూపకం. సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబర్ 2న ప్రారంభమైంది. నాటి నుంచి ఆచరణ రెండో అర్థానికే దగ్గరగా ఉంది. ప్రజలు ‘టీచర్’ అని పిలిచే వ్యక్తి ప్రభుత్వ పత్రాల్లో ‘కార్యకర్త’; ఆమె పని ఉద్యోగం కాదు, స్వచ్ఛంద సేవ. 2018 అక్టోబర్ నుంచి కేంద్రం ప్రధాన కేంద్రాల కార్యకర్తకు నిర్ణయించిన మొత్తం నెలకు 4,500 రూపాయలు, సహాయకురాలికి 2,250 రూపాయలు. రాష్ట్రాలు దీనికి తమ వాటా కలుపుతాయి.

దీని పర్యవసానం శిశువు దినచర్యలో కనిపిస్తుంది. పథకంలోని ఆరు సేవల్లో పూర్వ ప్రాథమిక విద్య ఒకటి మాత్రమే. ఆహార పంపిణీ, బరువుల నమోదు, గృహ సందర్శనలు, రిజిస్టర్లు, 2021 నుంచి పోషణ్ ట్రాకర్ యాప్ కూడా ఆ కార్యకర్త బాధ్యతలే. మూడేళ్ల బిడ్డ నెమ్మదిగా తింటుంది, అడిగిందే మళ్లీ అడుగుతుంది, ఏడుపుకు కారణం చెప్పలేదు. ఆ బిడ్డకు తీరిక ఉన్న పెద్దమనిషి కావాలి. తీరిక కరువైన చోట ‘నోటి మీద వేలేసుకో’ అన్న ఆజ్ఞే బోధనా పద్ధతి అయ్యే ప్రమాదం ఉంది. బాలల హక్కుల ఒడంబడికలోని 12వ అధికరణం గుర్తించిన అభిప్రాయ ప్రకటన, 31వ అధికరణం గుర్తించిన ఆట, విశ్రాంతి అక్కడే కుంచించుకుపోతాయి. దీన్ని కేవలం వ్యక్తి స్వభావదోషంగా చూడటం అసమగ్రం. శిశువులతో చేసే పనికి సామాజిక విలువ, తగిన వేతనం ఉండాలని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీ 2005 నాటి 7వ సాధారణ వ్యాఖ్యలో పేర్కొన్నది.

ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబర్ 12న మొదలైన అంగన్‌వాడీల సమ్మె 42 రోజులు సాగింది. 2024 జనవరిలో ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. సేవ అత్యవసరమైనప్పుడు సేవకురాలు స్వచ్ఛందురాలు ఎట్లా అవుతుందన్న ప్రశ్నను ఆ ఉత్తర్వే లేవనెత్తింది. సమ్మెకాలంలో పిల్లల భోజనం సంగతేమిటన్న ఆక్షేపణ సహేతుకమే. అయితే ఆ భోజనానికీ, వండి వడ్డించేవారి జీవికకూ పూచీ పడవలసినది రాజ్యమే కనుక, ఒక హక్కును మరొకదానికి ఎదురు నిలపడం సరికాదు.

1972 నాటి గ్రాట్యుటీ చట్టం అంగన్‌వాడీలకు వర్తిస్తుందని, ఆ చట్టం దృష్టిలో గౌరవ వేతనం కూడా వేతనమేనని 2022 ఏప్రిల్ 25న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సమాసంలోని ఉత్తరపదానికి ఆ మేరకు ప్రాధాన్యం దక్కింది. వేతనం పెరిగినంత మాత్రాన శిశువు పట్ల గౌరవం దానంతట అదే కలుగదు. శిక్షణ, పనిభారంలో తగ్గింపు కూడా అవసరం. బాలగేయాన్నీ, బాలకథనూ అంచనా కట్టే విమర్శ కూడా, వాటిని పిల్లలకు వినిపించవలసిన మనిషికి ఎంత వ్యవధి మిగిలిందో విచారించవలసి ఉంది.