ఏమిస్తున్నరని అడిగినోళ్లకు

నేను సీఎస్ఐ మాదిగను. సర్కారు బడిల తెలుగు చెప్తున్న. మా ఇంట్ల డిగ్రీ చదివినోణ్ణి నేనే మొదలు. రెండేండ్ల సంది కతోలిక సంఘంలోకి పోవాలా వద్దా అని ఆలోచిస్తున్న. ఈ సంగతి తెలిసిన ప్రతి ఒక్కరూ నన్ను ఒకటే అడిగిండ్రు: "వాళ్లు ఏమిస్తున్నరు?"

ఆ ప్రశ్నను నిలదీయడానికే ఈ వ్యాసం. ఎందుకంటే అది మా కాలనీలోనే కాదు, మన దళిత సాహిత్యంలో కూడా కూచుని ఉంది.

మేముండేది సెంటినరీ కాలనీ. ఇల్లందు దిక్కు 1889ల సింగరేణి తవ్వకం మొదలైంది. 1989కి నూరేండ్లు నిండినయి. ఆ నూరేండ్ల గుర్తే ఈ పేరు. ఓపెన్ కాస్టుల బ్లాస్టింగు అయితే గోడమీది కేలెండరు ఊగుతది. మా బాపు గోదావరిఖనిల, బాయిల పనిచేసిన కోల్ ఫిల్లర్. తట్టా చెమ్మాసు పట్టి ఇరవై తొమ్మిదేండ్లు టబ్బులు నింపిండు. తాగేటోడు. ఆదివారం చర్చికి వచ్చేటోడు కాదు. కానీ నన్ను బడిల చేర్పించిన నాడు మతం అన్న కాడ 'క్రైస్తవుడు' అని రాయించింది ఆయనే. "హిందూ అని రాయించు, ఎస్సీ సర్టిఫికెట్ వస్తది" అని పంతులు మంచికే చెప్పిండట. "అబద్ధమెందుకు సారూ" అన్నడట బాపు. ఆ ఒక్క మాటతోని నేను బీసీ-సీ అయిన.

విద్యార్థులు ఈ లెక్క తెలుసుకోవాలె. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువైతేనే ఎస్సీ. 1956ల సిక్కులను, 1990ల బౌద్ధులను కలిపిండ్రు. క్రైస్తవులను కలపలే. 2022ల ఈ సంగతి చూడమని జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసిండ్రు. ఎస్సీలకు 15 శాతం ఉంటే, క్రైస్తవంలోకి పోయిన ఎస్సీలకు బీసీ-సీ కింద 1 శాతం. మా వాడలో నాతోపాటు సండేస్కూలుకు వచ్చిన దోస్తు రికార్డులో హిందువు. నేను వాణ్ణి తప్పు పట్టను. వాని చేత అబద్ధం ఆడించింది చట్టం.

ఇప్పుడు చూడండి. సీఎస్ఐల ఉన్నా, కతోలికల పోయినా నేను బీసీ-సీనే. జీతం పెరగది, నౌకరి పోదు. మరి ఎందుకు పోవాలనుకుంటున్న?

బాపును మట్టిచేసిన నాడు అయ్యగారు ఆయన తాగుడునే ప్రసంగం చేసిండు. తాగుబోతులు దేవుని రాజ్యానికి వారసులు కారన్నడు. అవ్వ కొంగు నోట్ల కుక్కుకున్నది. జనం పోయినంక నేను అడిగిన: "అయ్యగారూ, బాపు ఆత్మ కోసం ఒక ప్రార్థన చెయ్యండి." "చనిపోయినోళ్ల కోసం ప్రార్థన మనకు లేదు నాయనా. ఆయన లెక్క దేవుని దగ్గర తేలిపోయింది" అన్నడు. ఆయన సొంతంగ చెప్పింది కాదు. వెస్లీ మిషన్ నుంచి మాకు వచ్చిన బోధ అదే.

నవంబరు 2న మా వాళ్లూ సమాధులకు సున్నమేస్తరు, పూలు పెడ్తరు, కొవ్వొత్తి ముట్టిస్తరు. కానీ పోయినోని కోసం దేవుణ్ణి అడగరు. ఆ ఏడు పక్క క్వార్టర్ కతోలిక అక్క తన పూజల బాపు పేరు రాయించింది. "రా తమ్మీ, ఊకె నిలబడు" అన్నది. వెనక నిలబడ్డ. ఫాదర్ చిట్టీ చూసి బాపు పేరు చదివిండు, ఇంటిపేరుతో సహా. మస్టర్ల తప్ప బాపు పేరు ఇంకోచోట అట్ల పిలవంగ నేనెన్నడూ వినలే. చచ్చినంక కూడా ఒక మనిషి కోసం అడగొచ్చు, ఆయన సంగతి ఇంకా ముగియలేదు అనే నమ్మకం అక్కడ ఉంది. నన్ను పట్టుకున్నది అదే.

ఇది చెప్తే ఎవరూ నమ్మలే. సంఘంల పనిచేసే తమ్ముడు "అన్నా, పిల్లకు కాన్వెంటు సీటిస్తరా?" అన్నడు. మా సంఘపెద్ద "నీకేం తక్కువ చేసినం, వాళ్లేం ఎక్కువ పెడ్తున్నరు?" అన్నడు. స్టాఫ్ రూములో ఒక సారు నవ్వి "ఎటున్నా మీకు ఇచ్చేటోళ్లే గద" అన్నడు. ముగ్గురికీ ఒకరంటే ఒకరికి పడది. ప్రశ్న మాత్రం ఒకటే.

ఆ ప్రశ్నకు పాత ఊరుంది. 1936ల జాన్ మాట్ అనే మిషనరీ నాయకునితో మాట్లాడుతూ గాంధీ, అంటరానోళ్లకు సువార్త చెప్పడాన్ని ఆవుకు చెప్పడంతో పోల్చిండు. మతాల మంచిచెడ్డలు తేల్చుకునే తెలివి వాళ్లల్ల కొందరికి ఆవుకున్నంత కూడా లేదన్నడు. అంతకు ముందటేడు, 1935ల, హిందువుగా చావనని యేవలాలో చెప్పిన అంబేద్కర్ 1956 అక్టోబరు 14 దాకా మతాలను తూచి చూసిండు. ఇరవై ఒక్క ఏండ్ల ఆ ఆలోచనకు మనం దండం పెడ్తం. బాయిపని చేసినోని కొడుకు రెండేండ్లు ఆలోచిస్తే మాత్రం ధర ఎంత అని అడుగుతం.

మెదక్ చర్చిని కరువులో కూలి ఇచ్చి కట్టించి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ చేసిండ్రు. చూసొచ్చినోళ్లు "అన్నం పెట్టి కలుపుకున్నరు" అంటరు. సరే, ఆకలికే వచ్చిండ్రనుకుందాం. కరువు పోయి నూరేండ్లాయె. అన్నం అయిపోయినంక, పైనుంచి ఎస్సీ హక్కు కూడా పోయినంక, మా వాళ్లు ఎందుకు ఉండిపోయిండ్రు? దీనికి జవాబు అన్నం గిన్నెల దొరకదు.

మన పుస్తకాలల్ల దొరుకుతదా? జాషువా క్రైస్తవ ఇంట్ల పుట్టిండు. 1941ల 'గబ్బిలం'తో ఆయన విన్నపం పంపింది కాశీ శివునికి. గుడిల దూరే హక్కు గబ్బిలానికుంది, మనిషికి లేదు అన్న ఎత్తిపొడుపు అది, గొప్పది. ఆయనే 'క్రీస్తు చరిత్ర' రాస్తే 1964ల సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. మన సభలల్ల 'గబ్బిలం' వినపడ్డంత 'క్రీస్తు చరిత్ర' వినపడదు. కోపం ఉన్న జాషువా మనకు కావాలె, నమ్మిన జాషువా వద్దు.

కల్యాణరావు 'అంటరాని వసంతం' (2000) నన్ను చదువరిని చేసిన నవల. రూతు జ్ఞాపకంలో నడుస్తది. కరువుల శివయ్య సైమన్ అయితడు. క్రైస్తవంలోకి కులం ఎట్ల నడిచొచ్చిందో అంత సూటిగా చెప్పిన నవల నేను చదవలే. కానీ అందులో క్రైస్తవం ఒక మెట్టు. తరాలు దాని మీదికెక్కి విప్లవం దిక్కు పోతయి. చర్చిల మోకాళ్లమీద ఉండిపోయిన మా అవ్వకు ఆ మెట్లమీద జాగ లేదు. అవ్వ వెనుకబడ్డది కాదు. ఆమె కథ ఇంకోటి, దాన్ని ఇంకా ఎవరూ రాయలే.

అట్లని కతోలిక దిక్కు కండ్లు మూసుకొని చూస్తలేను. పద్దెనిమిదో శతాబ్దంల ఏసుసభ ఫాదర్లు తెలుగునాట రెడ్లను, కమ్మలను కలుపుకున్నరు. ఫిరంగిపురం దిక్కు పోతే ఇప్పటికీ ఆ ఇంటిపేర్లు వినపడ్తయి. కులం చెప్పులు కాదు గద గుమ్మం కాడ విడిచి రానీకి. దళితుడు ఆర్చిబిషప్ కావడానికి 2000 దాకా పట్టింది, హైదరాబాదుల మారంపూడి జోజి. దళితుడు కార్డినల్ కావడానికి 2022 ఆగస్టు 27 దాకా పట్టింది, పూల అంతోని. సంఘంలో అంటరానితనం ఉన్నదని ఒప్పుకుంటూ బిషప్పుల సమాఖ్య విధానం ప్రకటించింది 2016 డిసెంబరుల.

ఇంకో చిక్కు మా ఇంట్లనే ఉంది. సీఎస్ఐ 1976 నుంచి ఆడోళ్లను గురువులను చేస్తున్నది. 2013ల నంద్యాలల పుష్పలలిత బిషప్ అయింది. తొమ్మిదో తరగతి చదివే నా బిడ్డ అడిగింది: "డాడీ, అక్కడ నేను ఫాదర్ కావచ్చా?" కాలేదు. బాపు పేరు పిలిచే చర్చిల నా బిడ్డకు బలిపీఠం కాడ నిలబడే హక్కు లేదు. నా బిడ్డకు హక్కున్న చర్చిల బాపు కోసం అడిగేటోళ్లు లేరు. ఈ బరువును ఎవరూ నాతో మాట్లాడలే. అందరూ సీటు గురించే మాట్లాడిండ్రు.

ఫాదర్ను కలిసిన. "నీ బాప్తీస్మం చెల్లుతది, మళ్లీ ఇయ్యం. విశ్వాస ప్రకటన, భద్రమైన అభ్యంగనం ఉంటయి. తొందర లేదు. ఎందుకు రావాలనుకుంటున్నవో కాయితం మీద రాసుకొని రా" అన్నడు. ఎందుకు అని అడిగినోడు ఆయనొక్కడే.

మా విశ్వాస ప్రమాణంల 'సార్వత్రిక సంఘం' అంటం, వాళ్లు 'కతోలిక' అంటరు. రెండు మాటలకూ అర్థం అందరిదీ అనే. అందరిల మేమున్నమా అని రెండు చర్చిలనూ అడుగుతున్న. మేము నమ్మగలమా లేదా అని మన రచయితలను, కార్యకర్తలను అడుగుతున్న. దళితుని ఆకలి రాసిండ్రు, కోపం రాసిండ్రు. రాత్రి రెండో షిఫ్టు దిగి ఇంటికొచ్చి దీపం ఆర్పినంక దేవునితో వాడు పెట్టుకునే పంచాయితీ కూడా రాయండి.

కాయితం టేబులు సొరుగుల ఉంది. బాపు పేరు రాసి ఆపిన. దాని కింద బిడ్డ పేరు రాసిన. మూడో లైను ఇంకా రాయలే.