కపోత వర్ణం, అగ్ని వర్ణం

భరతముని నాట్యశాస్త్రంలో ఒక్కో రసానికి ఒక్కో రంగు చెప్పాడు. రౌద్రానికి ఎరుపు, భయానకానికి నలుపు, అద్భుతానికి పసుపు. కరుణకు కపోత వర్ణం, అంటే పావురం ఒంటి మీది బూడిదరంగు. జపాన్ బొమ్మల కథ ‘డీమన్ స్లేయర్’ను పుస్తకంలో చదివి, తెర మీద చూసి, మళ్లీ పుస్తకం తెరిచిన ప్రతిసారీ నాకు ఆ రంగుల పట్టికే గుర్తుకొస్తుంది. తెల్ల కాగితం, నల్ల సిరా, వాటి మధ్య సన్నని చుక్కలతో అద్దిన బూడిద. పుస్తకానికి ఉన్న రంగులు ఇంతే. కరుణ రంగు దానికి పుట్టుకతోనే అబ్బింది.

2025 సెప్టెంబర్ 12న ఈ కథలోదే ‘ఇన్ఫినిటీ క్యాజిల్’ సినిమా మన దేశంలో విడుదలైంది, తెలుగు గొంతుతో కూడా. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఇంటర్, డిగ్రీ చదువుతున్న పిల్లల్లో ఈ కథ కంఠతా వచ్చినవాళ్లు నాకు తెలుసు. వాళ్ల ఇళ్లలో పెద్దవాళ్లకు మాత్రం ఇదంతా ‘కార్టూన్’. ఆ పెద్దల కోసం కథ నాలుగు మాటల్లో చెబుతాను.

కాలం తైషో యుగం, 1912కూ 1926కూ మధ్య. కొండ మీద బొగ్గులు కాల్చి అమ్ముకునే ఇంటికి పెద్దకొడుకు తంజిరో. ఒక రాత్రి కింద ఊళ్లో ఉండిపోయి తెల్లారి ఇంటికొచ్చేసరికి తల్లి, తమ్ముళ్లు, చెల్లెళ్లు రక్తపు మడుగులో పడి ఉన్నారు. ప్రాణంతో మిగిలిన చెల్లెలు నెజుకో రాక్షసిగా మారిపోయింది. ఆమెను తిరిగి మనిషిని చేసుకోవడం కోసం అతను రాక్షసులను వేటాడే దళంలో చేరతాడు. ఈ కథలో రాక్షసులందరూ ఒకప్పటి మనుషులే; ముజాన్ అనే మూలరాక్షసుడి నెత్తురు ఒంట్లోకి ఎక్కి అలా అయినవాళ్లు. అందుకని ఇక్కడ తెగిపడే ప్రతి తల వెనకా ఎప్పుడో చచ్చిపోయిన మనిషి ఒకడుంటాడు. 1958లో వచ్చిన ‘భూకైలాస్’లో రావణుడి కోసం కళ్లు తుడుచుకున్న తెలుగు ప్రేక్షకుడికి ఈ దారి కొత్తది కాదు.

గొతోగె కొయోహారు ఈ కథను 2016 ఫిబ్రవరి నుంచి 2020 మే దాకా ‘వీక్లీ షోనెన్ జంప్’ పత్రికలో గీశారు. 205 అధ్యాయాలు, 23 సంపుటాలు. గొతోగె గీత నున్నగా ఉండదు. వణుకుతుంది, ఒక్కోచోట తెగుతుంది, ఒక్కోచోట చెయ్యీ భుజమూ కొలతకు కుదరవు. ఆ వణుకే నాకు ఇష్టం. గీసినవారి ఊపిరి అందులో వినిపిస్తుంది. తంజిరో పైబట్ట మీద గళ్లు, నెజుకో బట్టల మీద జనపనార ఆకు అల్లిక, తోటి దళసభ్యుడు జెనిత్సు అంగీ మీద త్రికోణాలు: రంగు లేకుండానే ఎవరు ఎవరో కన్ను పోల్చుకునేలా ఆ బట్టలన్నీ నలుపు తెలుపుల్లోనే నేశారు. నలుపు వెలితి కాదని సూర్యాపేట పక్కన పిల్లలమర్రి గుళ్లు చూసినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. కాకతీయుల నాటి ఆ నల్లరాతి స్తంభాల నునుపు మీద వెలుగు జారుతుంటే ఇంకో రంగు కావాలనిపించదు. అదే పిల్లలమర్రిలో కాకతీయుల కాలపు రంగుల చిత్రాల ఆనవాళ్లు కూడా మిగిలాయి. రాతినీ రంగునూ ఒకే చోట నిలిపిన ఊరు మనకుండగా, కాగితం గొప్పదా తెర గొప్పదా అని ఒక్క మాటలో తేల్చేయడం నాకు చేతకాదు. ఏ ఘట్టం దేనిది అన్నదే నా వెతుకులాట.

తంజిరోకు ముక్కు చురుకు. శత్రువు ఏమరిన క్షణాన్ని అతను వాసనతో పసిగడతాడు; ఆ క్షణంలో తన కత్తి మొనకూ ఎదుటివాడి మెడకూ మధ్య ఒక దారం కనిపిస్తుంది. కాగితం మీద ఆ దారం ఒట్టి సన్నని గీత. వాసనను గీతగా మార్చడం ఎంత సాహసం! ముక్కుకు తెలిసేదాన్ని కలం పట్టుకుంది, కన్ను నమ్మింది. తెర మీద అదే దారం మెరుస్తూ బిగుసుకుంటుంది, అందంగానే ఉంటుంది. కానీ తెరలో మెరిసేవి చాలా ఉంటాయి. పుటలో ఆ గీత ఒక్కటే ఉంటుంది.

2019 ఏప్రిల్‌లో యూఫోటేబుల్ సంస్థ, సోతొజాకి హరువో దర్శకత్వంలో, ఈ కథను టీవీకి తెచ్చింది. తంజిరో కత్తి వెంట లేచే నీళ్లను వాళ్లు నిజం నీళ్లలా చూపించలేదు. జపాన్ చిత్రకారుడు హొకుసాయి కాలపు చెక్క అచ్చు చిత్రాల్లోని అలల్లా ముదురు అంచులు కట్టి, లోపల నీలం నింపి కదిలించారు. బొమ్మ బొమ్మగానే ఉండి ప్రవాహమైంది. గొతోగె గీతకు ఇంతకంటే మర్యాద ఏముంటుంది?

ఇక పంతొమ్మిదో భాగం. నటగుమో కొండ మీద రుయి అనే బాలరాక్షసుడు, వాడి చేతుల్లో కత్తిని సైతం విరిచే సాలెదారాలు. చావు కళ్ల ముందు నిలిచినప్పుడు తంజిరోకు జబ్బుమనిషైన తండ్రి గుర్తొస్తాడు, మంచులో రాత్రంతా అలసట లేకుండా అగ్నిదేవుడికి నృత్యం చేసిన తండ్రి. పుస్తకంలో ఇది కొద్ది పుటల్లో దాటిపోతుంది. బాగుంటుంది, అంతే. తెర మీద మాత్రం నీలపు అల విసురు మధ్యలోనే నిప్పుగా మారుతుంది. షీనా గో స్వరపరిచి నకగావా నమి పాడిన పాట అప్పుడు మొదలవుతుంది. పోరాట గీతం అనుకుంటే పొరపాటు, అది జోలపాట గొంతు. రౌద్రం కంటికి, కరుణ చెవికి. రెండు రసాలను ఒకే క్షణంలో రెండు ఇంద్రియాలకు పంచిపెట్టడం కాగితానికి సాధ్యం కాదు. ఈ ఘట్టం తెరది. ఇందులో నాకు రెండో మాట లేదు.

అయితే రుయి చావు కాగితానిదే. తల తెగిన ఆ పిల్లవాడి ఒళ్లు బూడిదై రాలుతూ తడబడుతూ నడిచి పడిపోతుంది. తంజిరో ఆ చిన్న వీపు మీద చెయ్యి వేస్తాడు. ఆ చేతి వెచ్చదనం తగిలాకే రుయికి తల్లిదండ్రులు గుర్తొస్తారు. పుట్టుకతో రోగిష్టి తను. రాక్షసుడై మనిషిని చంపినప్పుడు, తనను చంపి తామూ చనిపోదామని చూసిన అమ్మానాన్నలను తానే చంపుకున్నాడు. పై దళసభ్యుడు గియు ఆ ఖాళీ బట్టను తొక్కి నిలబడితే, కాలు తియ్యమంటాడు తంజిరో. పుస్తకంలో ఇదంతా చిన్న చిన్న గళ్లలో, బూడిద చుక్కల్లో సాగుతుంది. సంగీతం ఉండదు, ఎప్పుడు ఏడవాలో ఎవరూ చెప్పరు. పుట తిప్పాలంటే చెయ్యి ఆగుతుంది. ఎంతసేపు ఆగాలో చదివేవాడి ఇష్టం. తెర ఈ ఘట్టాన్ని కూడా శ్రద్ధగానే తీసింది గానీ, ఆ ఆగే హక్కును మన చేతిలోంచి తీసుకుంది. భవభూతి రసాలన్నిటికీ మూలం కరుణే అన్నాడు. ఆయన ఈ పుట చూస్తే తల ఊపేవాడని నా నమ్మకం.

యానిమేలో, అంటే ఈ తెర మీది బొమ్మల్లో, నాకు నచ్చని సంగతి ఒకటుంది. గొతోగె పాత్రలు కత్తి దూస్తూనే మనసులో చాలా ఆలోచిస్తాయి. కాగితం మీద ఆలోచనా దెబ్బా ఒకే గడిలో పక్కపక్కన ఉంటాయి. తెర మీద ఆ ఆలోచనను గొంతుతో చదివేసరికి కత్తి గాలిలో వేచి చూస్తుంది. వేగం మీద నిలిచిన కళకు ఇది పెద్ద లోపం, ‘ఇన్ఫినిటీ క్యాజిల్’ సినిమాలో మరీ ఎక్కువ.

అదే సినిమాలో అకజా అనే రాక్షసుడి కథ ఈ లోపాన్ని మరిపించింది. వాడి మనిషి పేరు హకుజి. జబ్బుపడ్డ తండ్రి మందుల కోసం దొంగతనాలు చేసి, శిక్షగా ముంజేతుల మీద గీతలు పొడిపించుకున్నవాడు. తన కోసం కొడుకు దొంగ కావడం భరించలేక తండ్రి ఉరేసుకుంటాడు. ఆ తర్వాత ఒక గురువు దొరుకుతాడు, ఆయన కూతురు కొయుకి దొరుకుతుంది. పొరుగు శిక్షణశాలవాళ్లు బావిలో విషం కలిపి ఆ ఇద్దరినీ చంపితే, హకుజి ఒక్క రాత్రిలో 67 మందిని ఉత్త చేతులతో చంపుతాడు. దొంగకు పొడిచిన ఆ గీతలే రాక్షసుడయ్యాక ఒళ్లంతా పాకాయి. కొయుకి జడలోని మంచుపువ్వు ఆకారమే వాడి కాళ్ల కింద యుద్ధచక్రమైంది. వారం వారం గడువుకు గీసిన పుస్తకంలో ఈ బతుకంతా ఆదరాబాదరాగా నడిచింది. 155 నిమిషాల సినిమా జబ్బుపడ్డ కొయుకి మంచం పక్కన మనల్ని తీరిగ్గా కూర్చోబెట్టింది, బాణసంచా వెలుగును ఆ పిల్ల ముఖం మీద పడనిచ్చింది. నిజాయితీగా బతకమని తండ్రి రాసిన ఉత్తరం తెలుగులో వినిపించినప్పుడు అది మన పక్కింటి తండ్రి గొంతే అనిపించింది. చివరికి వాడు తన బలాన్నంతా తన మీదే ప్రయోగించుకుని నవ్వుతాడు. రౌద్రం తిరిగి కరుణలోకి ఇంకిపోయిన చోటు అది.

సినిమా చూసిన పిల్లలకు నా మాట ఒక్కటే: ఐదో సంపుటి తెచ్చుకుని చదవండి, తంజిరో అగ్నినృత్యమూ రుయి చావూ రెండూ అందులోనే ఉన్నాయి. చదివాక పంతొమ్మిదో భాగం చూడండి. తర్వాత ఆ పుస్తకం ఇంట్లో పెద్దవాళ్ల చేతిలో పెట్టండి.