టోపీ పెట్టుకో, టోపీ తియ్యి

తెలుగులో "టోపీ పెట్టాడు" అంటే మోసం చేశాడని అర్థం. మా ఉర్దూలో "టోపీ పహనానా" అన్నా అదే అర్థం. రెండు భాషలూ ఇంట్లో కలగలిపి మాట్లాడుకునే మాకు ఈ ఒక్క మాటకీ తర్జుమా అక్కర్లేదు. వేదిక ఎక్కి వాయించే ముస్లిం కళాకారుడి నెత్తి గురించి రాద్దామని కూర్చుంటే ముందు ఇదే గుర్తొచ్చింది.

గోదావరి జిల్లాల్లో పెళ్లంటే బ్యాండు మేళం. ఎర్ర కోటు, భుజాల మీద జరీ కుచ్చులు, ముందు అంచు ఉన్న గట్టి టోపీ. తెల్లదొరల పటాలాల బ్యాండు నుంచి దిగిన వేషం అది. దొరలు పోయారు, కోటు మిగిలింది. ఈ కోటుని ఎగతాళి చేసినవాళ్లే అందరూ. మాకు మాత్రం దాని మీద గౌరవం ఉంది. అది తొడుక్కున్నాక ట్రంపెట్ ఊదేది మాలపల్లి కుర్రాడా, డ్రమ్ము కొట్టేది చర్చికి పోయేవాడా, క్లారినెట్ సాయిబుదా అని ఎవడూ అడగడు. గుండీలు ఊడిపోయినా, కింద హవాయి చెప్పులే ఉన్నా, ఆ రెండు మూడు గంటలు అందరిదీ ఒకటే జాతి: బ్యాండువాళ్లు. అది గౌరవమైన జాతి కాదు. పెళ్లివారు భోజనాలు చేశాకే వాళ్లకి ఆకు వేస్తారు. అయినా ఆ అగౌరవం అందరికీ సమానంగా పంచేవారు. ఈ దేశంలో అదీ తక్కువ విషయం కాదు.

రాజమండ్రిలో మాకు తెలిసిన ఒక చాచా అలాంటి బ్యాండులో ఇరవై ఏళ్లు క్లారినెట్ వాయించాడు. కోటు లోపలి జేబులో నమాజు టోపీ నాలుగు మడతలు పెట్టి ఉంచుకునేవాడు. ఊరేగింపు మధ్యలో వేళైతే గట్టి టోపీ తీసి మెత్త టోపీ పెట్టుకుని మసీదుకి వెళ్లొచ్చేవాడు. వచ్చాక మళ్లీ గట్టిది. టోపీ మార్చడం ఆయనకి చెప్పులు విప్పడమంత మామూలు పని.

2002లో, గుజరాత్ తర్వాత, ఊరూరా మతసామరస్య సభలు జరిగాయి. మా ఊళ్లోనూ ఒక సంఘంవాళ్లు సభ పెట్టారు. మంచి మనుషులే. చాచాని వాయించమన్నారు. ఆయన ఇస్త్రీ చేసిన ఎర్ర కోటుతో వచ్చాడు. "కోటు వద్దు చాచా, తెల్ల లాల్చీ వేసుకో, టోపీ పెట్టుకో, జనానికి తెలియాలి కదా" అన్నారు. ఏం తెలియాలి? క్లారినెట్ బాగా వాయిస్తాడని ఊరందరికీ తెలుసు. ఆయన లాల్చీ అరువు తెచ్చుకున్నాడు, జేబులో టోపీ నెత్తికెక్కింది, రామభజన వాయించాడు, చప్పట్లు మోగాయి. అప్పుడే కలం పట్టుకున్న మేం ఫోటో తీయించి పేపరుకి పంపాం. "సాయిబు క్లారినెట్‌పై రాముడి పాట" అని శీర్షిక కూడా మేమే పెట్టాం. చాలా గొప్పగా పెట్టామనుకున్నాం.

నెల తిరక్కుండా ఒక పెళ్లివారు బ్యాండు మాట్లాడుకుంటూ, "ఆ పేపర్లో పడ్డాయన్ని మాత్రం పంపకండి" అన్నారు. అంతకుముందు ఆ వీధిలోనే ఎన్ని పెళ్లిళ్లకి వాయించాడో! అప్పుడు ఆయన బ్యాండువాడు. ఇప్పుడు మేం ఆయన్ని సాయిబుని చేశాం. చాచా మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "బేటా, క్లారినెట్‌కు క్యా మాలూం, సర్ పే క్యా హై" అన్నాడంతే. నెత్తి మీద ఏముందో క్లారినెట్‌కి ఏం తెలుసని.

అప్పట్నుంచి ఏ కచేరీ చూసినా ముందు బట్టలు చూడ్డం మాకు జబ్బయిపోయింది.

షేక్ చినమౌలానా సాహెబుది ఒంగోలు దగ్గర కరవది. చిలకలూరిపేట ఆదం సాహెబు దగ్గర నాదస్వరం నేర్చి, తర్వాత తంజావూరు బాణీ పట్టి, శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది, మరుసటి ఏడే పోయారు. పంచె, కండువా కట్టుకుని వాయించేవారు. ఆ వాద్యం వాయించే ఎవరైనా కట్టే బట్టే అది. బిస్మిల్లాఖాన్ సాహెబుని టోపీ లేకుండా ఊహించుకోలేం. 2001లో భారతరత్న ఇచ్చిన దేశం ఆ టోపీని కూడా కలిపే మెచ్చుకుంది. ఇద్దరూ గుడి నీడనే నాదం పండించినవాళ్లు. ఒకాయన టోపీతో, ఒకాయన టోపీ లేకుండా. ఇద్దరిదీ వాళ్ల వాళ్ల ఊరి అలవాటు. కానీ రాతల్లో ఏమవుతుందో చూడండి. టోపీ పెట్టుకున్నాయన "ముస్లిం అయినా" మహానుభావుడు. పెట్టుకోనాయన "ముస్లిం అయినా" మనలో ఒకడు. ఈ "అయినా" ఉంది చూశారూ, అది విమర్శకులు పెట్టే టోపీ. భద్రాచలం గుళ్లో ఏళ్ల తరబడి నాదస్వరం వాయించిన షేక్ హసన్ సాహెబుకి 2022లో, పోయాక, పద్మశ్రీ వచ్చినప్పుడు కూడా ఆయన రాగం ఎలా పాడేవాడో రాసిన వ్యాసం మాకు కనబడలేదు. ఆయన పేరు మీదే అందరి ఆశ్చర్యమూను. జాకీర్ హుస్సేన్ జుట్టు ఎగరేస్తూ వాయించి ఈ గొడవ నుంచి కొంత తప్పించుకున్నాడనిపిస్తుంది. తలనీలాలు చూడ్డంలో జనం తల సంగతి మర్చిపోయారు.

మరి నాజర్? పొన్నెకల్లు షేక్ నాజర్, బుర్రకథ నాజర్, 1986లో పద్మశ్రీ. దూదేకుల ఇంట పుట్టి, తన జీవితకథకి "పింజారి" అనే తిట్టునే పేరుగా పెట్టుకున్నవాడు. ప్రజానాట్యమండలి రోజుల్లో మన రాజమండ్రి గరికపాటి రాజారావుతో కలిసి నడిచాడు. రాజారావు తీసిన "పుట్టిల్లు" సినిమాలోనూ ఆయన బుర్రకథ ఉంది. తలపాగా, దానికి తురాయి, ఒంటిమీద అంగరఖా, కాళ్లకి గజ్జెలు. ఆ వేషంలో పల్నాటి బ్రహ్మన్న, బొబ్బిలి పాపారాయుడు, అల్లూరి సీతారామరాజు అందరూ ఆయనలోకి దిగేవారు. అచ్చ తెలుగు వేషమని అందరం మురిసిపోతాం. తురాయి అరబ్బీ పారశీకాల మాట. అంగరఖా నవాబుల దర్బార్లలో తిరిగి వచ్చింది. జుబ్బా అరబ్బీ, రుమాలు పారశీకం, మన సన్నాయి ఆ షహనాయే. మాటలన్నీ ఇళ్లల్లోకి వచ్చి కూర్చున్నాయి, మనుషులే గుమ్మం దగ్గర ఆగిపోయారు.

కుళ్లాయి అన్నదీ పారశీక కులాహే. కన్నడ రాజ్యలక్ష్మిని ఉద్దేశించి శ్రీనాథుడు చెప్పాడని ప్రచారంలో ఉన్న చాటుపద్యం తెలియని తెలుగు మేష్టారు ఉండడు. కొలువులో నిలబడ్డానికి కుళ్లాయి పెట్టుకోవాల్సొచ్చిందని, కూర్పాసం తొడుక్కోవాల్సొచ్చిందని కవిసార్వభౌముడు వాపోయాడందులో. మన రాజమహేంద్రవరం రెడ్డిరాజుల కొలువులో కాశీఖండం చెప్పిన మహాకవికి పరాయి సభలో పరాయి టోపీ పెట్టుకోవడం అంత కష్టమైంది. ఆ కష్టం మీద ఆరు వందల ఏళ్లుగా తెలుగువాళ్లు జాలిపడుతూనే ఉన్నారు. మా చాచాకి టోపీ పెట్టించిన రోజున, తీయించిన రోజున ఒక్క చాటువైనా పుట్టలేదు.

మావాళ్లనీ అనాలి. పాటే హరామ్, దాని మీద టోపీయా అని మసీదు మెట్ల మీద నిలదీసిన పెద్దలున్నారు. దూదేకులవాళ్లు తురాయి కట్టినా, పంచె కట్టినా "వాళ్లెటూ మనవాళ్లు కాదులే" అని వదిలేసిన ఖానదానీ సాహెబులున్నారు. కాలీషాబీ గారు పట్టుచీర కట్టి భర్త మహబూబ్ సుభానీ గారి పక్కన కూర్చుని నాదస్వరం అందుకుంటే సంగీతం మానేసి చీర గురించి మాట్లాడినవాళ్లు రెండు వైపులా ఉన్నారు. 2020లో ఆ జంటకి పద్మశ్రీ వచ్చాక ఇద్దరూ ఒకేసారి "మావాళ్లే" అన్నారు.

మొన్న దసరాకి దేవీచౌక్‌లో చాచా కలిశాడు. ఇప్పటికీ వాయిస్తున్నాడు. ఎర్ర కోట్లు పోయాయట. ఉత్తరాది తరహా పెళ్లిళ్లు వచ్చాక బ్యాండు యజమాని అందరికీ షేర్వాణీలు, కుట్టిన రెడీమేడ్ తలపాగాలు కొన్నాడట. అట్ట పెట్టి కుట్టినవి, ఒకే సైజు. చాచాది చిన్న తల. ఊదుతుంటే తలపాగా కళ్ల మీదికి జారుతోందని, చెమట నోట్లోకి కారుతోందని విసుక్కున్నాడు. మరేం చేస్తున్నారని అడిగాం. తలపాగా ఎత్తి చూపించాడు. లోపల నమాజు టోపీ పెట్టుకుని, దానిమీద బిగిస్తున్నాడు.